అరుగు నేరం కాదు, అర్ధరాత్రి విందు ధర్మం కాదు

2015లో హైదరాబాదు దక్షిణ మండల పోలీసులు పాతబస్తీలో ఒక కార్యక్రమం చేపట్టారు. దాని పేరు ‘మిషన్ చబుత్రా’. రాత్రి పొద్దుపోయాక ఇళ్ల ముందు అరుగుల మీద, గల్లీ మలుపుల్లో, మూసిన దుకాణాల మెట్ల మీద కూర్చున్న యువకులను తీసుకుపోవడం, తల్లిదండ్రులను పిలిపించి అందరి ముందూ హితబోధ చేసి విడిచిపెట్టడం అందులోని పద్ధతి. ఆ పేరు ఆ తరువాత కూడా పలుమార్లు వినబడింది. ఫలక్‌నుమా, శంషేర్‌గంజ్, వట్టేపల్లి, నవాబ్ సాహెబ్ కుంట ప్రాంతాల్లో ఇరవై ఏళ్లు దాటిన ఏ కుర్రవాడిని అడిగినా ఆ మాటకు అర్థం చెబుతాడు. పట్టుబడినవాడి మీద ఏదైనా కేసు ఉందా, ఎవరైనా ఫిర్యాదు చేశారా అన్న ప్రశ్నలు వెనక్కి పోయాయి. కూర్చోవడమే అనుమానానికి కారణమైంది.

చబుత్రాను తెలుగులో అరుగు అంటాం. తెలుగు పల్లెలో అరుగుకున్న గౌరవం చెప్పనక్కరలేదు. చెట్టు నీడన నలుగురూ చేరి మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటును రచ్చబండ అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ప్రజాదర్బారు కార్యక్రమానికి ఆ పేరే పెట్టుకుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరులో బయలుదేరింది ఆ రచ్చబండకే. పల్లెలో నలుగురు కూర్చుంటే అది ప్రజాస్వామ్యానికి పునాది అయింది. పాతబస్తీలో నలుగురు కూర్చుంటే అది శాంతిభద్రతల సమస్య అయింది. చర్య ఒకటే, అలవాటు ఒకటే. కూర్చున్నవారి పేర్లూ, వారి పేట పేరూ మారాయి, అంతే.

ఈ వివక్షను ఖండించడం సులువు. ఖండించాలి కూడా. కానీ అక్కడితో ఆగిపోతే మన బాధ్యత సగమే తీరుతుంది. పాతబస్తీ ముస్లిముల రాత్రి జీవితం గురించి బయటివారు ఒక మాట అంటారు: వీళ్ల సంస్కృతే అంత. మనలో కొందరు అదే మాటను గర్వంగా అంటారు: ఇది మా తహజీబ్. రెండు మాటలూ ఒకే పొరపాటు నుంచి పుట్టినవి. సంస్కృతిని నెత్తురులోంచి వచ్చినదిగా, మారనిదిగా భావించే పొరపాటు అది. పద్నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ ఆనాడే దీన్ని తేల్చి చెప్పాడు. మనిషి నడవడిని తీర్చిదిద్దేది పుట్టుకతో వచ్చిన స్వభావం కంటే తాను అలవాటుపడిన పరిస్థితులేనన్నది ఆయన వాదం. ఎడారిలో బతికినవాడి ధైర్యానికీ, నగరంలో బతికినవాడి సుఖలాలసకూ ఆయన వెదికిన కారణం వారి జీవనోపాధిలో ఉంది. ఆ కొలతతో ఫలక్‌నుమా గల్లీని చూడాలి.

అరుగు మీద కుర్రవాడు ఎందుకు కూర్చుంటాడు? ఇంట్లో చోటు లేక. రెండు గదుల అద్దె ఇంట్లో ఎనిమిది మంది ఉంటారు. ఒక గదిలో తల్లీ, అక్కాచెల్లెళ్లూ గాజులకు రాళ్లు అతుకుతూనో, బట్ట మీద జర్దోజీ పని చేస్తూనో ఉంటారు. లాడ్‌బజారు అద్దాల వెనుక మెరిసే లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గాజుల మీద రాళ్లు అతికే పనిలో ఎంతో భాగం ఇలాంటి గదుల్లోనే, ఆడవారి చేతుల మీదుగా జరుగుతుంది. ఇల్లే కార్ఖానా అయినప్పుడు, పర్దా పాటించే ఆడవారు ఆ ఇంట్లోనే పని చేస్తున్నప్పుడు, ఎదిగిన మగపిల్లవాడు బయటికి పోవడమే మర్యాద. బయట పార్కు లేదు, గ్రంథాలయం లేదు, ఆటస్థలం మీద ఇప్పటికే నాలుగు అంతస్తులు లేచాయి. మిగిలింది అరుగు. పైగా ఈ బస్తీలో పని వేళలు వేరు. దుకాణాలు పొద్దెక్కాక తెరుచుకుని రాత్రి బాగా పొద్దుపోయాక మూతపడతాయి. ఆటో నడిపేవాడు, మటన్ దుకాణంలో పనిచేసేవాడు, హోటల్లో రోటీలు కాల్చేవాడు ఇంటికి చేరేసరికి పది దాటుతుంది. వాడికి సాయంత్రం అంటే అదే. ఊరికి రాత్రయిన వేళ వాడికి సాయంత్రం మొదలవుతుంది.

ఇదే అలవాటును రంజాన్ నెలలో నగరమంతా ప్రేమిస్తుంది. చార్మినార్ చుట్టూ తెల్లవారుజాము దాకా దుకాణాలు వెలుగుతాయి; హలీం బట్టీల చుట్టూ జనం, టీవీ కెమెరాలు, పర్యాటక శాఖ ప్రచారం. ఆ నెల పోగానే ఆ రాత్రే అనుమానాస్పదం అవుతుంది. 2024 జూన్‌లో రాత్రి దుకాణాలు కట్టిపెట్టాలని పోలీసులు మైకుల్లో గట్టి హెచ్చరికలు చేసినప్పుడు, ఇవే మాటలు జూబ్లీహిల్స్‌లో చెప్పగలరా అన్న ప్రశ్న బహిరంగంగానే లేచింది. ఆ తరువాత శాసనసభలో ముఖ్యమంత్రి మద్యం దుకాణాలు తప్ప మిగిలిన వ్యాపారాలు రాత్రి 1 గంట వరకు నడుపుకోవచ్చని ప్రకటించవలసి వచ్చింది. అంటే ప్రశ్నించినచోట నిబంధన కదిలింది. దీన్ని మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన వైపు చూద్దాం. అరుగు గురించి మన ధర్మం మౌనంగా లేదు. దారుల్లో కూర్చోవడం మానుకొమ్మని దైవప్రవక్త (స) సహచరులతో అన్నారు. మాకు కూర్చుని మాట్లాడుకోవడానికి వేరే చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అప్పుడు ఆయన, అయితే దారి హక్కు దారికి ఇవ్వండని ఆదేశించారు. చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని చెప్పడం, చెడును వారించడం ఆ హక్కులని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ప్రసిద్ధ హదీసు ఇది. ఇందులో నన్ను ఆకట్టుకునే విషయం ఏమిటంటే, వేరే చోటు లేదన్న సమాధానాన్ని ఆయన తోసిపుచ్చలేదు. మదీనా పేదల ఇరుకు ఆయనకు తెలుసు. చోటు లేనివారిని తరిమివేయకుండా, కూర్చునే తీరుకు నియమం పెట్టారు. పోలీసు కమిషనరేటు ఈ హదీసు చదవాలని నేను కోరను. అరుగు మీద కూర్చునే మన పిల్లలు మాత్రం చదవాలి. బైకులు అడ్డంగా నిలిపి, ఫోను శబ్దం పెంచి, దారిన పోయే ఆడపిల్లను చూపులతో వెంబడించేవాడికి తహజీబ్ పేరు చెప్పుకునే హక్కు లేదు. అలాంటివాడు ఆ పేటలో ఒక్కడున్నా, మిగిలిన పదిమంది మీద లాఠీకి సాకు దొరుకుతుంది.

అసలు అరుగు ఎవరిది? ఈ ప్రశ్న మన సభల్లో ఎవరూ వేయరు. చబుత్రా మీద హక్కు కోసం మాట్లాడుతున్నప్పుడు మనం మాట్లాడేది మగపిల్లల హక్కు గురించే. అదే ఇరుకు ఇంట్లో ఉండే ఆడపిల్లకు అరుగు లేదు. ఆమెకు డాబా ఉంది, అదీ పక్క డాబాల మీద ఎవరూ లేనప్పుడు. కొడుకు రాత్రి 12 దాకా బయట కూర్చుంటే తల్లి భోజనం మూతపెట్టి ఎదురుచూస్తుంది. కూతురు ట్యూషన్ నుంచి అరగంట ఆలస్యంగా వస్తే పేటంతా ఎదురుచూస్తుంది. ఈ తేడాను పర్దాతో సమర్థించడం సరికాదు. చూపు దించుకొమ్మన్న ఖుర్‌ఆన్ ఆజ్ఞ నూర్ అధ్యాయంలో మొదట పురుషులకే వచ్చింది, స్త్రీలకు ఆ తరువాత ఆయతులో వచ్చింది. మన గల్లీలో మాత్రం మొదటి ఆజ్ఞను వదిలేసి రెండోదాన్ని పట్టుకున్నారు. ఇది దీన్ కాదు, రివాజు.

రివాజు అన్న మాట వచ్చింది కనుక పెళ్లి దగ్గరికి రాక తప్పదు. పాతబస్తీ సంస్కృతి మన నిత్యజీవితాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో తెలియాలంటే ఏదైనా శీతాకాలపు రాత్రి చాంద్రాయణగుట్ట దారిలోని ఫంక్షన్ హాళ్ల ముందు నిలబడితే చాలు. కార్డు మీద ఇషా నమాజు తరువాత అని ఉంటుంది. పెళ్లికొడుకు బారాత్ పదకొండుకు వస్తుంది. మర్ఫా డప్పులు మోగుతాయి. దస్తరఖానుల మీద లుక్మీ, మరగ్, బిర్యానీ, ఖుబానీ కా మీఠా వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. చిన్నపిల్లలు కుర్చీల్లో నిద్రపోతుంటారు. మరునాడు బడికి సగం మంది రారు. కూలికి పోవలసినవాడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. ఫజ్ర్ నమాజు పంక్తి పలచబడుతుంది. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తరువాత కబుర్లనూ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదన్న హదీసును ఆ హాలులో నికాహ్ ఖుత్బా చదివే ఖాజీ గారికి వేరే చెప్పాలా?

ఇది ఇస్లాం నేర్పినది కాదనడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. మన తెలంగాణ జిల్లాల్లోనే చాలాచోట్ల జొహర్ నమాజు తరువాత నికాహ్ చేసి మధ్యాహ్నమే భోజనాలు పెట్టేస్తారు. ఆ దీన్, ఈ దీన్ వేరు కాదు. ఫలక్‌నుమాకు కూతవేటు దూరంలోని బార్కస్‌లో నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన హజ్రమీ అరబ్బుల వారసులు ఉన్నారు. వారి లుంగీ వేరు, వారి వంట వేరు, ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినే తీరు వేరు. నమాజు ఒకటే. ఫిఖ్‌హ్ పండితులు దీన్ని ఉర్ఫ్ అన్నారు. షరీఅత్‌కు విరుద్ధం కానంత వరకు స్థానిక ఆచారానికి చోటుందని అంగీకరించారు. కాబట్టి లుక్మీ మీదా, షేర్వానీ మీదా, ఖుబానీ కా మీఠా మీదా నాకు పేచీ లేదు. అవి ఈ నేల మనకిచ్చిన అందాలు. వాటిని కూడా బిద్‌అత్ అని ఎత్తిపారేసే పొడి సంస్కర్తలతో నాకు పడదు. నా పేచీ అప్పుతో.

గుట్ట మీది ప్యాలెస్ సంగతి ఇక్కడ చెప్పాలి. పాయగా అమీరు, హైదరాబాదు ప్రధాని అయిన వికార్ ఉల్ ఉమ్రా 1884 నుంచి సుమారు తొమ్మిదేళ్ల పాటు దాన్ని కట్టించాడు. ఆకాశానికి అద్దం అన్న పేరు దానికి తగినదే. 101 మంది ఒకేసారి కూర్చుని తినగల భోజనపు బల్ల అందులో ఉంది. కట్టడం పూర్తయ్యేసరికి ఆ అమీరే అప్పుల్లో కూరుకుపోయాడనీ, ఆ భారం దిగింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్యాలెస్‌ను తీసుకున్నాకనేననీ హైదరాబాదులో తరతరాలుగా చెప్పుకుంటారు. 2010లో అది తాజ్ హోటలుగా తెరుచుకుంది. 2017 నవంబరు 28న ప్రధానికీ, అమెరికా అధ్యక్షుని కుమార్తెకూ అక్కడ విందు జరిగింది. అమీరుకు నిజాం ఉన్నాడు, అప్పు తీరింది. గుట్ట కింద వట్టేపల్లిలో కూతురి పెళ్లికి 500 మందిని పిలిచే ఆటో డ్రైవరుకు ఏ నిజాం ఉన్నాడు?

ఒక లెక్క వేద్దాం. తలకు 600 రూపాయలు అనుకుంటే 500 మందికి 3 లక్షలు. ఖర్చులు పోను రోజుకు 800 మిగిల్చే డ్రైవరు, ఇంట్లో ఒక్క రూపాయి కూడా వాడకుండా దాచినా, ఆ ఒక్క పూట భోజనానికి 375 రోజులు పనిచేయాలి. హాలు అద్దె ఇందులో లేదు. జోడేకీ రఖం లేదు. జహేజ్ మంచం, బీరువా, ఫ్రిజ్, బండి లేవు. ముందు రోజుల మాంఝే, సాంచక్, తరువాతి చౌథీ, అల్లుణ్ణి శుక్రవారాలు పిలిచి పెట్టే జుమాగీలు లేవు. వీటిలో ధర్మం అమ్మాయి తండ్రి మీద మోపింది ఏదీ లేదు. ధర్మం చెప్పిన వలీమా అబ్బాయిది, మహర్ అబ్బాయిది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పెళ్లి చేసుకున్నానని చెబితే ఒక గొర్రెతోనైనా వలీమా చేయమని దైవప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ సఫియ్యా (రజి) తో తమ వివాహానికి ఆయన పెట్టిన విందు ఖర్జూరం, జున్ను, నెయ్యి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా మహర్‌ను కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. దేశపు చట్టం అర్థం చేసుకున్న తేడాను మనం అర్థం చేసుకోకపోవడం ఏమిటి?

ఈ అప్పు చివరికి ఎక్కడికి చేరుతుందో ఫలక్‌నుమా చూసింది. 2017 ఆగస్టులో మైనర్ కూతుర్ని ఒమాన్ దేశపు వృద్ధునికి కట్టబెట్టారని ఒక తల్లి ఫలక్‌నుమా పోలీసులకు ఫిర్యాదు చేసింది. మరుసటి నెలలో దళారులు, ఖాజీలతో పాటు ఒమాన్, ఖతర్ దేశస్థులను నగర పోలీసులు అరెస్టు చేశారు. దేశమంతా టీవీల్లో చర్చ జరిగింది, మళ్లీ అదే మాట: వీళ్ల సంస్కృతే అంత. ఆ చర్చల్లో పెద్దగా వినబడని విషయం ఒకటుంది. పేట కుర్రవాడు జోడేకీ రఖం అడుగుతాడు. ఆ ముసలివాడు అడగడు, ఎదురిస్తాడు. ముగ్గురు ఆడపిల్లలున్న నిరుపేద ఇంటికి దళారి నడిచి వచ్చే దారి మన సొంత సంబంధాలు మాట్లాడుకునే గదిలోనే మొదలైంది. ఆ వృద్ధుణ్ణి దుయ్యబట్టి, లక్ష రూపాయలూ ఒక బండీ తీసుకున్న మన మేనల్లుడి పెళ్లిలో బిర్యానీ తినివచ్చేవాడు ఆ నేరంలో తన వాటా ఎంతో చూసుకోవాలి.

మార్పుకు ప్రయత్నాలు జరగలేదని కాదు. ‘ఏక్ ఖానా, ఏక్ మీఠా’ నినాదాన్ని ఉర్దూ పత్రిక సియాసత్ ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. 2018 చివర్లో తెలంగాణ వక్ఫ్ బోర్డు రాత్రి 9 గంటలలోపు నికాహ్ జరిపించాలనీ, అర్ధరాత్రికి హాళ్లు మూయాలనీ నిర్ణయం చేసింది. నిర్ణయం కాగితం మీద ఉంది, బారాత్ రోడ్డు మీద ఉంది. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ఖాజీ సకాలంలోనే వస్తాడు, బంధువులు రారు. తొందరగా వెళ్లినవాడు ఖాళీ కుర్చీల మధ్య చిన్నబోతాడు కనుక ఎవరూ తొందరగా వెళ్లరు. ప్రతి ఒక్కరూ ఎదుటివాడి ఆలస్యాన్ని లెక్కవేసుకుని తన ఆలస్యాన్ని నిర్ణయించుకుంటారు. ఒక్క కుటుంబం ఒంటరిగా దీన్ని మార్చలేదు. మసీదు కమిటీ, పేటలోని పదిహేను ఇరవై కుటుంబాలు కలిసి, నమాజు జమాఅత్‌కు వేళ పెట్టుకున్నట్టే దీనికీ వేళ పెట్టుకుంటే మారుతుంది. నమాజుకు నిమిషం తప్పని సమాజానికి వేళ పాటించడం రాదని ఎవరూ అనలేరు.

ప్రభుత్వ షాదీ ముబారక్ గురించి రెండు మాటలు. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలై, 2018 నుంచి 1,00,116 రూపాయలు అందుతోంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాలన్న షరతు మంచిది, ఆ షరతు వల్ల కొన్ని బాల్యవివాహాలైనా ఆగి ఉంటాయి. కానీ ఆ సొమ్ము ఇంటికి చేరగానే దాన్ని కూడా లెక్కలో కలిపి రఖం పెంచి అడిగే వియ్యంకులు ఉన్నారు. హక్కుగా వచ్చిన సాయం కట్నంగా మారకుండా చూడవలసింది ప్రభుత్వం కాదు, ఆ సంబంధం కుదిర్చిన పెద్దమనుషులు. నికాహ్‌నామాలో మహర్ రాసినట్టే, ఏ రఖమూ తీసుకోలేదని అబ్బాయి చేత రాయించి సంతకం పెట్టించడానికి ఖాజీలు ముందుకు రావాలి. రాసిన మాట అబద్ధమైతే ఆ కాగితమే అమ్మాయి చేతిలో సాక్ష్యం అవుతుంది.

ఇక అరుగు సంగతికి వస్తే, లాఠీని ఆపమని కోర్టులోనూ శాసనసభలోనూ అడుగుతూనే, లాఠీకి బదులు ఏం కావాలో కూడా మనం స్పష్టంగా చెప్పాలి. నల్లగొండ క్రాస్‌రోడ్సు దాటితే నగరం వేరు, ఇటు వేరు అన్న ఫిర్యాదు పాతబడింది. ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ నుంచి ఇంజన్ బౌలి వరకు, అక్కడి నుంచి నవాబ్ సాహెబ్ కుంట వరకు మన కార్యకర్తలు ఒక రాత్రి నడిచి చూడాలి. తొమ్మిది దాటాక ఒక కుర్రవాడు పుస్తకం తెరిచి కూర్చోగల చోట్లు ఎన్ని, ఆడపిల్ల కూర్చోగలవి ఎన్ని, తల్లులు పిల్లలను ఆడించగల దీపమున్న స్థలాలు ఎన్ని అన్నది వీధి వీధికీ రాసుకోవాలి. ఆ జాబితాను జుమా రోజున మసీదుల్లో చదివి వినిపించి, సంతకాలతో నగర పాలక సంస్థకు ఇవ్వాలి. నకలు దక్షిణ మండల పోలీసు కార్యాలయానికి కూడా పంపాలి.